గిడసపిల్లల నాగరత్నం

నాగరత్నం పార కామతో బుల్లియ్య మణికట్టు విరగ్గొట్టిందన్న మాట నిజమే. అయితే జనం చెప్పుకుంటున్నట్టు జీతం దగ్గర తగువొచ్చి కాదు, వాడేదో కూడని మాట అన్నాడనీ కాదు. ఏడువందల గ్రాముల పందిపిల్ల కోసం కొట్టింది. ఈ సంగతి రామచంద్రపురం బస్టాండులో చెబితే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీండి, జరిగింది జరిగినట్టు చెప్పుకుందాం.

నాగరత్నానికి నలభై ఎనిమిదేళ్ళు. బక్కపలచని మనిషి, చేతులు మాత్రం రాటుదేలి ఉంటాయి. పన్నెండేళ్ళు కొబ్బరిపీచు ఫ్యాక్టరీలో తాళ్ళు పేనింది, అందుకే ఆ చేతులు. కోపం ఏ ఫ్యాక్టరీ ఇచ్చిందీ కాదు, పుట్టుకతో వచ్చింది. పెళ్ళయిన రెండో ఏడు మొగుడు తాగొచ్చి చెంప పగలగొడితే, పొయ్యి మీద ఉడుకుతున్న గంజి గిన్నె దించి వాడి పాదాల మీద కుమ్మరించింది. వాడు కుంటుకుంటూ పాలకొల్లులో అన్నగారింటికి వెళ్ళాడు. ఇప్పటికీ తిరిగి రాలేదు. ఎవరైనా అడిగితే, కాళ్ళు మానాక వస్తాడనుకున్నాను, ఇంకా మానలేదేమో అంటుంది.

పీచు ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆమె జోగేశ్వరరావుగారి పందుల ఫారంలో చేరింది. ఆయన తరతరాల వ్యవసాయదారు, వరి చేలూ కాలవ గట్టున కొబ్బరితోటా ఉన్న మనిషి. ఆ తోటలో రేకుల షెడ్లు వేసి అరవై తెల్ల ఆడపందుల్ని దించేసరికి చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. పెళ్ళిళ్ళలో ఆయన పక్క కుర్చీ ఇప్పటికీ ఖాళీగానే ఉంటుంది. ఆయన దానికేమీ నొచ్చుకోరు, కాళ్ళు చాపుకోవడానికి చోటు దొరికిందంటారు. మాట మెత్తన, పట్టుదల మాత్రం గట్టిది.

ఆయన పెట్టిన నియమం ఒకటుండేది. పంది ఈనగానే పిల్లల్ని ఒక్కొక్కటే కాటా మీద పెట్టాలి. ఎనిమిదివందల గ్రాములకు తగ్గినదాన్ని ఉంచకూడదు. అలాంటి గిడసపిల్ల నెలలు గడిచినా ఎదగదు. కిందామీదా పడి ఎదిగినా తొడలో కండ ఉండదు, ఒట్టి కొవ్వు పడుతుంది. కొనడానికి వచ్చినవాడు బొటనవేలితో తొడ నొక్కి చూసి నవ్వుతాడు. పందులు పెంచుతున్నాడని చుట్టాలు నవ్వితే ఓర్చుకున్నారు గాని, పందులు పెంచడం రాదని బేరగాడు నవ్వితే ఆయన ఓర్చుకోలేకపోయారు.

నియమం అమలు చేసేవాడు బుల్లియ్య. ముప్పై అయిదేళ్ళవాడు, మొరటే గాని చెడ్డవాడు కాడు. గిడసపిల్లను వెనక కాళ్ళు పట్టి ఎత్తి, కుళాయి పక్క గోడకేసి కొట్టేవాడు. తల పగిలేది. దాన్ని గోనెసంచిలో పడేసి చేతులు కడుక్కునేవాడు. గోడ కడగడం నాగరత్నం వంతు. నాలుగేళ్ళు కడిగింది. నెత్తుటి మరక మీద సున్నం పూసి, ఆదివారం ఇంటి దగ్గర పందికూర వండుకు తిన్న మనిషే. ఆమెది జాలిగుండె అని ఎవరూ అనలేరు, అంటే ఆమే ఒప్పుకోదు.

ఒకరోజు పొద్దున సంచిని గోతిలో వెయ్యడానికి మోసుకెళుతుంటే సంచి కదిలింది. విప్పి చూసింది. లోపల ఒక పిల్ల దవడ చితికి, ఒక కన్ను బయటికొచ్చి, నోరు తెరిచి మూసుకుంటోంది. ఎంతసేపటి నుంచి అలా ఉందో తెలియదు. నాగరత్నం దాన్ని నేల మీద పెట్టి మడమతో తల తొక్కింది. ఒక్కసారికి చావలేదు. రెండోసారి తొక్కాల్సి వచ్చింది. కాలవలోకి దిగి కాలు రుద్ది రుద్ది కడుక్కుంది.

చంపితే చంపు, సరిగ్గా చంపు అని బుల్లియ్యకు చెప్పింది. పందిపిల్లను పంచాంగం చూసి కొట్టాలా అని వాడు నవ్వాడు. పదిరోజులకు మరో పంది ఈనింది. అందులో ఒకటి ఏడువందల గ్రాములు తూగింది. వాడు ఒక చేత్తో ఫోను చెవికి పెట్టుకుని, రెండో చేత్తో, చూడకుండానే దాన్ని గోడకేసి విసిరాడు. నడుం విరిగి కిందపడిన పిల్ల ముందుకాళ్ళ మీద పాక్కుంటూ తల్లి గదివైపు బయల్దేరింది. వాడు మాట ఆపకుండా బూటుతో దాన్ని వెనక్కి లాగాడు. నాగరత్నం చేతిలో పేడ తీసే పార ఉంది. తిరగేసి కామతో వాడి ఫోను చేతి మీద ఒక్కటిచ్చింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకు స్పష్టంగా వినిపించింది. నిజం చెప్పాలంటే ఆ క్షణాన ప్రాణానికి హాయిగా అనిపించింది. తర్వాత పార అంచుతో పిల్లను చంపింది, ఒక్క దెబ్బకే.

జోగేశ్వరరావుగారు ఆమెను అప్పటికప్పుడు గేటు దాటించేవారే. టీకాలు వెయ్యడానికి డాక్టర్ దేవిశ్రీ వచ్చి ఉండబట్టి ఆగారు. దేవిశ్రీ పశువుల డాక్టరు, చిన్న వయసు, పేడలోకి దిగడానికి జంకని పిల్ల. ఈ వారంలో పది పందులు ఈనబోతున్నాయి, బుల్లియ్య కట్టు విప్పడానికి నెలన్నర పడుతుంది, ఈవిణ్ణి కూడా పంపేస్తే పురుళ్ళు మీరు పోస్తారా అని ఆయన్ని అడిగింది. సరిగ్గా పాలు పడితే గిడసపిల్లకూ కండ పడుతుందని ఏడాదిగా ఆయనకు చెబుతూనే ఉంది. ఇప్పుడు చెప్పడానికి అదను దొరికింది, వదల్లేదు.

జోగేశ్వరరావుగారు నాగరత్నం వైపు తిరిగారు.

"మొన్న పురిటి గదిలోకి మార్చిన నలభై రెండు ఎల్లుండి ఈనుతుంది. దాని గిడసపిల్లలు నీవే. నలభై అయిదో రోజున నా వేలితో నేనే తొడ నొక్కుతాను. కండ తగిలితే ఈ నియమం తీసేస్తాను. కొవ్వు తగిలితే ఇకనుంచి ఆ గోడ పని నువ్వే చెయ్యాలి. ఒక్క దెబ్బకి చంపడం నీకు బాగా వచ్చుగా."

నాగరత్నం సరేనంది. అన్నాక భయం పట్టుకుంది. ఈ పని పోతే ఆమెకు వేరే పని లేదు. ఓడిపోతే తను ఆ గోడ ముందు నిలబడుతుందని, ఎత్తిన చెయ్యి దించదని ఆమెకు తెలుసు. అదే ఆమెను భయపెట్టింది.

నలభై రెండు అనేది పంది చెవికి ఉన్న నంబరు. అది మూడో ఈత పంది, సాధువు. నాగరత్నం వెళ్ళి చెవి వెనక గోకితే చాలు, వాలి పడుకుని పొదుగు చూపించేది. చెప్పిన రోజునే పదకొండు పిల్లల్ని పెట్టింది. ఏడు పిల్లలు దిట్టంగా ఉన్నాయి. నాలుగు గిడసవి. అన్నిటికంటే చిన్నది ఆరువందల నలభై గ్రాములు, అరచేతిలో పెట్టుకుంటే గుండె కొట్టుకోవడం చర్మం పైకి కనిపించింది.

దేవిశ్రీ చెప్పిన సంగతి నాగరత్నానికి పీచు పని వల్లే బోధపడింది. కండ అంటే పోగులు. ఎన్ని పోగులుండాలో తల్లి కడుపులోనే తేలిపోతుంది. గిడసపిల్లకు పోగులు తక్కువ, పుట్టాక కొత్తవి పుట్టించడం ఎవరి తరమూ కాదు. ఉన్న పోగుల్ని లావు చెయ్యొచ్చు. అందుకు పుట్టిన ఆరు గంటల్లోపు జున్నుపాలు పడాలి, మూడు వారాలపాటు ఆకలన్నది తెలియకూడదు. అప్పుడు మాడ్చి తర్వాత తవుడూ నూకలూ దట్టిస్తే పోగు లావెక్కదు, పక్కన కొవ్వు పేరుకుంటుంది. రెండు పేటల తాడునైనా బిగించి పేనితే పడవ కట్టొచ్చని నాగరత్నం చేసి చూసిన మనిషే.

పంది ఈనుతుండగానే రొమ్ములు పిండి జున్నుపాలు గిన్నెలోకి తీసింది. సూది లేని సిరంజితో ఒక్కొక్క గిడసపిల్ల నోట్లో చుక్కచుక్కగా పోసింది. బల్బు వేడి తగిలే చెక్కపెట్టెలో వాటిని పడుకోబెట్టింది. పాలవేళ అయితే పెద్దవాటిని చెక్క అడ్డు వెనక ఆపి ముందు చిన్నవాటిని వదిలేది. అయినా పెద్దవి అడ్డు దూకి వచ్చేవి. పాలు బాగా వచ్చేవి ముందు రొమ్ములు. పందిపిల్లలు పుట్టిన పూటే ఆ ముందు రొమ్ముల కోసం కొట్టుకుంటాయి. పెద్దవి చిన్నవాటి మీదకెక్కి తొక్కేవి, మూతితో కుమ్మి వెనక్కి తోసేవి. రెండోరోజుకి ఆరువందల నలభై గ్రాములది ఆరువందల పది అయింది.

ఇక్కడ నాగరత్నం ఒక పని చేసింది. పందిపిల్ల సూదుల్లాంటి ఎనిమిది పళ్ళతో పుడుతుంది. వాటిని మొదటి రెండు రోజుల్లోనే కటింగ్ ప్లేయరుతో తుంచేస్తారు. ఆ పని ఫారంలో ఆమెదే. పెద్దవాటికి తుంచింది. చిన్నవాటికి తుంచడానికి ప్లేయరు నోట్లో పెట్టి, తీసేసింది. బలమున్నవాడికి బలం ఎలాగూ ఉంది, లేనివాడికి పళ్ళయినా ఉండనీ అనుకుంది. ఇది దేవిశ్రీ చెప్పింది కాదు. దేవిశ్రీకి ఆమె చెప్పనూ లేదు.

మూడోరోజు పెద్దది ఒకటి ఎప్పటిలాగే చిన్నదాన్ని తోసెయ్యబోయింది. చిన్నది గిర్రున తిరిగి దాని చెంప చీల్చింది. కణత నుంచి మూతిదాకా నెత్తురు కారింది. పెద్దది కీచుమంటూ వెనక రొమ్ముకు పోయింది. నాగరత్నం పడీపడీ నవ్వింది. అయిదో రోజుకి నాలుగు గిడసపిల్లలూ ముందు రొమ్ములు ఆక్రమించాయి. పెద్దవాటి చెవులన్నీ చిరుగులే. కాటాలో ముల్లు కదులుతుంటే, తనే ఎవరినో తన్ని వచ్చినంత సంబరపడింది.

ఆరో రోజున ముందు రొమ్ముల మీద గీతలు కనిపించాయి. పసుపు, కొబ్బరినూనె కలిపి రాసింది. ఏడో రోజుకి పొదుగు వాచి కాలిపోతోంది. పంది మేత సగం వదిలేసింది, పిల్లలు మూతి పెడితే ఒళ్ళు జలదరించి పళ్ళు కొరుకుతోంది. నాగరత్నం ఈగలనుకుంది. ఈగలు కావని ఆమెకు తెలుసు. డాక్టరుకి ఫోను చేస్తే ముందు పిల్లల నోళ్ళు తెరిచి చూస్తుంది, ఆ పళ్ళు తుంచేస్తుంది, చిన్నవి మళ్ళీ వెనక రొమ్ముకు పోతాయి. మూడు వారాలు గడిస్తే చాలుననుకుని ఫోను చెయ్యలేదు.

తొమ్మిదో రోజు పొద్దున చిన్నవి ముందు తాగాయి. వాటిని తీసి బల్బు పెట్టెలో పెట్టి, అడ్డు తీసి పెద్దవాటిని వదిలి, నీళ్ళ బకెట్టు కోసం బయటికి నడిచింది. వెనక నుంచి అరుపు వినిపించింది. పంది అలా అరవగలదని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

తిరిగొచ్చేసరికి నలభై రెండు లేచి నిలబడి ఉంది. రెండు పిల్లలు అప్పటికే చచ్చి పడి ఉన్నాయి. దాని నోట్లో ఒక పిల్ల నడుం అడ్డంగా ఉంది. రెండుసార్లు విదిలించి పడేసింది. ఇంకోదాన్ని మూతితో గోడకు అదిమి నొక్కింది. పక్కటెముకలు పటపటమన్నాయి. మూడోదాని తల మీద ముందుకాలు వేసి నిలబడింది. నాగరత్నం గదిలోకి దూకి దాని చెవి పట్టుకుంది. ఆ సాధువైన పంది తల తిప్పి ఆమె మోచేయి కింద కండను నోటితో పట్టి లాగింది. ముక్క ఊడింది. ఆమె గుమ్మం దగ్గరున్న ఇనప గొట్టం అందుకుని దాని మూతి మీద కొట్టింది, మళ్ళీ కొట్టింది, ఎన్నిసార్లు కొట్టిందో ఆమెకే తెలియదు. పంది వెనక్కి తగ్గి, కాళ్ళు వణుకుతుంటే మూలకు పోయి కూలబడింది. కూలబడటంలో దాని కింద ఇంకొకటి నలిగిపోయింది.

ఏడు పెద్దవాటిలో ఆరు చచ్చాయి. పళ్ళు లేని నోళ్ళు తెరుచుకుని పడి ఉన్నాయి. పళ్ళున్న నాలుగూ వెచ్చటి పెట్టెలో పొట్టలు నింపుకుని నిద్రపోతున్నాయి. నాగరత్నం చేతినుంచి నెత్తురు కారుతూ ఉంటే వాటిని చూస్తూ నిలబడింది. వాటిని ఆ పూటే గొంతు పిసికి చంపెయ్యాలనిపించింది. తర్వాత తన గొంతు పిసుక్కోవాలనిపించింది.

జోగేశ్వరరావుగారు వచ్చి చూసి, పిల్లల్ని తినే పంది ఫారంలో ఉండకూడదని ఒక్క మాట అన్నారు. ఎందుకిలా చేసిందని అడిగారు. పళ్ళ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే గిడసపిల్లలు నాలుగూ ఇప్పుడే గోడకు పోతాయి, ఇక ముందు పుట్టేవన్నీ పోతాయి. ఏమోనండి, దాని బుద్ధే అంత కాబోలు అంది.

మధ్యాహ్నం నలభై రెండును పెరట్లోకి తోలుకొచ్చి కొబ్బరిచెట్టుకు కట్టేశారు. బుల్లియ్య కుడిచెయ్యి కట్టులో ఉంది, ఎడమచేత్తో సమ్మెట ఎత్తాడు. దెబ్బ నుదుటిమీద పడలేదు, జారి కన్ను చితికింది. పంది చేసిన గోలకు తోటలో కాకులన్నీ లేచాయి. రెండోదెబ్బ మెడమీద పడింది. అది గింజుకుంటే తాడు తెగింది. ఎటైనా పారిపోతుందని అందరూ తప్పుకున్నారు. అది పారిపోలేదు. ఒంటికంటితో వెతుక్కుంటూ వచ్చి నాగరత్నం కాళ్ళ దగ్గర నిలబడింది. రోజూ చెవి వెనక గోకే మనిషి అక్కడ ఉంది మరి.

నాగరత్నం బుల్లియ్య చేతిలోంచి సమ్మెట లాక్కుంది. పంది చెవి వెనక గోకింది. అది అలవాటుగా వాలి పడుకుంది, వాచిన పొదుగు పైకి తిరిగింది. సరిగ్గా కళ్ళ నడుమ కొట్టింది. కాళ్ళు ఒకసారి బిగిసి వదులయ్యాయి. అంత శుభ్రంగా చంపావేంటక్కా అని బుల్లియ్య మెచ్చుకోలుగా అన్నాడు. వాడి రెండో చెయ్యి కూడా విరగ్గొట్టాలనిపించింది గాని సమ్మెట ఎత్తే ఓపిక లేకపోయింది.

ఆ తర్వాతి ముప్పై ఆరు రోజులూ ఆమె మనిషిలా లేదు. చేతికి పదకొండు కుట్లు పడ్డాయి. జ్వరంలోనే గిడసపిల్లలు నాలుగింటికీ, మిగిలిన పెద్దదానికీ రెండేసి గంటలకు పాలు పట్టింది. గేదెపాలలో పాలపొడి, కోడిగుడ్డు కొట్టి పోసింది. మేత పట్టాక దేవిశ్రీ చెప్పినట్టు సోయా పిండి, ఎండుచేపల పొడి పెట్టింది. తవుడు ముట్టనివ్వలేదు. ఫారంలో అందరూ తల్లిలా సాకుతోందని అనేవారు. ఆ మాట వింటే ఆమెకు ఒళ్ళు మండేది. ఒకడు మొహం మీదే అంటే పాలగిన్నె వాడి మీదకు విసిరింది.

నలభై అయిదో రోజున దేవిశ్రీ కాటాతోపాటు చిన్న స్కానింగ్ మిషను కూడా తెచ్చింది. కట్టు విప్పిన బుల్లియ్య పిల్లల్ని పట్టుకున్నాడు. మిగిలిన పెద్దది పదకొండు కిలోలు తూగింది. గిడసపిల్లల్లో మూడు తొమ్మిదేసి కిలోలు, ఆరువందల నలభై గ్రాములతో పుట్టింది ఎనిమిదిన్నర. దేవిశ్రీ వీపు మీద మిషను పెట్టి తెరమీద చూపించింది. కొవ్వు సన్నటి గీతలా ఉంది, కింద కండ దళసరిగా కనిపించింది. జోగేశ్వరరావుగారికి మిషను మీద నమ్మకం లేదు. వంగి, బొటనవేలు తొడలో గుచ్చారు. నాలుగింటికీ గుచ్చి చూశారు. ఆఖరిదాన్ని రెండుసార్లు చూశారు.

నియమం తీసేశానని చెప్పారు. ఇకనుంచి గిడసపిల్లలన్నీ నాగరత్నం చేతికే ఇవ్వాలన్నారు. దేవిశ్రీ సంతోషం పట్టలేక ఆమె చెయ్యి పట్టుకుంది, కుట్లు పడ్డ చెయ్యి. నాగరత్నం గెలిచింది. గెలిచానని తెలుస్తోంది గాని ఆ చెయ్యి మెల్లిగా వెనక్కి లాక్కుంది.

అప్పుడు తుని నుంచి వ్యాను వచ్చి గేటు దగ్గర ఆగింది. ఆయన బుల్లియ్యను పిలిచి, నలభై రెండుకు తోడబుట్టినవి రెండున్నాయి కదా, ఆ రక్తమే పిల్లల్ని తినే రక్తం, అవి కూడా ఈనకముందే కోతకు పంపించెయ్యమన్నారు. రెండూ నిండు చూలివి. బుల్లియ్య వాటిని తోలుకొచ్చి వ్యాను ఎక్కించాడు. ఎక్కేటప్పుడు ఒకటి మోకాళ్ళ మీద పడి లేచింది. నాగరత్నం చూస్తూ నిలబడింది. ఇప్పుడు నోరు మూసుకుంటే ఫారంలో పుట్టే గిడసపిల్లలన్నీ బతుకుతాయి, ఈ రెండే పోతాయి. నోరు విప్పితే ఆయన ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవచ్చు. అంత ఆలోచించింది గాని, కాళ్ళు అప్పటికే వ్యాను ముందుకు నడిచిపోయాయి.

"వాటి రక్తంలో ఏమీ లేదండి," అంది. "గిడసపిల్లలకి పళ్ళు తుంచలేదు నేను. కావాలనే తుంచలేదు. అవి పొదుగు చీల్చేశాయి. వాపొచ్చింది, చూశాను, డాక్టరమ్మగారికి చెప్పలేదు. నొప్పి తట్టుకోలేక చంపిందండి అది."

దేవిశ్రీ ఒక పిల్లను ఎత్తి నోరు తెరిచి చూసి, మెల్లిగా కింద పెట్టింది. జోగేశ్వరరావుగారు డాక్టరు వైపు తిరిగి, పళ్ళు తుంచి ఉంటే ఈ కండ పడేదా అని అడిగారు. పడేది, పాలవేళప్పుడల్లా మనిషి కూర్చుని చిన్నదాన్ని రొమ్ము దగ్గర చేత్తో పట్టుకుని ఉండాలి, అంతే అంది దేవిశ్రీ. ఆయన పందుల్ని దించెయ్యమని బుల్లియ్యకు చెప్పారు. తీసేసిన నియమం తీసేసినట్టే అన్నారు. పళ్ళు తుంచే పని మాత్రం ఇకనుంచి బుల్లియ్యదన్నారు. వెళ్ళబోతూ నాగరత్నం ముందు ఆగారు.

"ఆరు పిల్లల్ని పొట్టన పెట్టుకున్నావు నువ్వు."

"ఏడండి," అంది నాగరత్నం. "తల్లిని మరిచిపోయారు."